ఎడమ వైపు షాఫ్ట్

ప్రత్తిపాడు దగ్గర రోడ్డు పక్కన నాకొక కార్ల షెడ్డు ఉంది. నా చిన్ననాటి స్నేహితుడు అందులో నాతోపాటు పనిచేసేవాడు. వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు. వీడికి సూది చేతికిస్తే నిద్రొచ్చేది, స్టీరింగు ఇస్తే ప్రాణం లేచొచ్చేది. మట్టి ట్రాక్ మీద జరిగే కార్ల రేసులో ఒక్కసారైనా దిగాలని వాడి కోరిక.

వాడి చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని, దానికి మందు లేదని కంటి డాక్టరు ఒక ఏడు చెప్పాడు. రేసుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

"ఈ ఏడాదికైతే సంతకం పెడతానన్నాడు మామా. వచ్చే ఏడు తన దగ్గరికి రావద్దన్నాడు," అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎక్కడో మూలపడ్డ చిన్న కారొకటి చవగ్గా దొరికింది. సీట్లు పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరంలా వెల్డింగు చేశాం. మిరపకాయలు ఎత్తేసిన మా కల్లంలో తిప్పి చూశాం. మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. జాకీ ఎత్తి చూస్తే, గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ చివర రబ్బరు తొడుగు చిరిగి ఉంది. గ్రీజంతా కారిపోయి, జాయింటులోని గుండ్లు అరిగిపోయాయి. జాయింటు మార్చాం. కొద్దిరోజులకే మళ్లీ అదే చప్పుడు. ఈసారి షాఫ్టే మార్చాం. అది మలుపులో పుటుక్కున విరిగింది.

తర్వాత మూడో గేరు నిలవకుండా జారిపోవడం మొదలైంది. ఆయిలు దించితే అందులో ఇనప రజను మెరిసింది. వాడు దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసుకున్నాడు. గేర్‌బాక్సు దింపి, బేరింగులు మార్చి బిగించాం. అవీ పోయాయి. క్లచ్ అనుకున్నాం, ఇంజను కింది రబ్బర్లు అనుకున్నాం, అవన్నీ మార్చాం. ఎడమ షాఫ్ట్ మాత్రం విరుగుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చేతులు ముడుచుకుని కూర్చున్నప్పుడు వాడన్నాడు: "ఒరేయ్, విరిగేదాన్నే చూస్తన్నాం మనం. విరగ్గొట్టేది ఎక్కడుందో చూద్దాం పద."

నైలాను తాడుతో ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు పక్కలా కొలిచాం. కొలతలు కలవలేదు. ఎడమ వైపు బాడీ వెనక్కి నొక్కుకుపోయి ఉంది. దాంతో ఇంజను పక్కకు జరిగింది. షాఫ్ట్ వంకరగా తిరుగుతూ గేర్‌బాక్సు లోపలికి పొడుస్తోంది. రెండు జబ్బులకూ మూలం అదే. పాత గుద్దును ఎవరో సాపు చేసి, రంగేసి కప్పెట్టారు.

గుంటూరులో బాడీలు సరిచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, గొలుసులు కట్టి లాగించాం. ఇనుము సాగలేదు. అడుగున తుప్పు తిన్నచోట చీలింది. చీలికలోంచి నేల కనపడింది. మేస్త్రీ గొలుసు వదులు చేసి, "ఇదింక బండి కాదండీ," అన్నాడు.

వేరే బాడీ కోసం తుక్కు కొట్లన్నీ తిరిగాం. అది దొరికేలోపు రేసు అయిపోయింది.

తుక్కువాళ్ల లారీ వచ్చిన రోజు కారును షెడ్డులోంచి బయటికి తోయాల్సి వచ్చింది. వాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. "కుడికి కొట్టు, కుడికి!" అని నేను వెనక నుంచి అరుస్తూనే ఉన్నాను. కారు వెళ్లి ఎడమ పక్క గేటు స్తంభాన్ని గుద్దింది. వాడు దిగి వచ్చి ఆ స్తంభాన్ని చేత్తో తడిమాడు.

"ఇదెప్పుడు పెట్టావురా ఇక్కడ?"

షెడ్డు కట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. "మొన్నే," అన్నాను. వాడు తలూపాడు. నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత వాడు షెడ్డుకు రావడం మానేశాడు. ఇప్పుడు బావమరిది పురుగుమందుల కొట్లో కూర్చుంటున్నాడు. నేను వెళ్తే గొంతు గుర్తుపట్టి కుర్చీ జరుపుతాడు. వానల గురించి, పత్తి గురించి మాట్లాడుకుంటాం. కార్ల మాట ఇద్దరం ఎత్తం.