కీపర్‌కు చెప్పని బంతి

ఆ ఏడు మార్చిలో, మొదటి ఆదివారం నాటి ఫైనల్ కోసం మేడిపల్లి జట్టు నన్ను గెస్ట్ ప్లేయర్‌గా పిలిచింది. మ్యాచ్ కోరుట్లలో, ప్రత్యర్థి చందుర్తి. మా ప్రాంతపు టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో ఒక్కో జట్టు ఇద్దరు బయటి ఆటగాళ్లను తెచ్చుకోవచ్చు. సిరిసిల్ల నుంచి అలా పద్నాలుగేళ్లు తిరిగిన కిరాయి బౌలర్‌ని నేను. ఈ వారం రుద్రంగికి వేస్తే, వచ్చే వారం రుద్రంగి మీదే వేయాల్సి రావచ్చు.

ఈ వృత్తిలో ఒక జాగ్రత్త ఉంది. ఇవాళ్టి తోటి ఆటగాడే రేపటి బ్యాట్స్‌మన్. అందుకని మన దగ్గరున్న అసలు బంతిని ప్రాక్టీసులో ఎవరికీ చూపించం. నాది స్లో బాల్. చేయి అదే వేగంతో తిరుగుతుంది, బంతి మాత్రం అరచేతిలోంచి ఆలస్యంగా వస్తుంది.

మేడిపల్లి కీపర్ యూసుఫ్. ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపేవాడు. సెమీఫైనల్లో రెండు క్యాచులు వదిలాడు. కెప్టెన్ మల్లేశం శనివారం ప్రాక్టీసులో అందరి ముందే చెప్పేశాడు: "గీ ఒక్క మ్యాచ్ జూస్త. రేపు బాల్ ఇడిసిండంటే జగిత్యాల కెళ్లి వేరే కీపర్‌ను తెస్త."

ఆ మాట విన్నాక యూసుఫ్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, నీ తాన స్లో బాల్ గిట్ల ఉంటే ముందుగాల్నే జెప్పు. నేను జర ముంగటికొచ్చి నిలవడుత గద."

లేదన్నాను. నాదంతా ఒకటే స్పీడన్నాను. ఆరేళ్లుగా అందరికీ చెప్పిన అబద్ధమే కాబట్టి నాలుక తడబడలేదు.

ఫైనల్ ఆఖరి ఓవర్ నాకిచ్చారు. ఆఖరి బంతికి చందుర్తికి రెండు పరుగులు కావాలి. ఒకటి తీస్తే టై, రెండయితే మాకు ఓటమి. ఎదురుగా వాళ్ల పెద్ద హిట్టర్. ఆ ఓవర్లో నా వేగం అతనికి అలవాటైపోయింది. అతని వెనకాల యూసుఫ్ వికెట్లకు పది అడుగుల దూరంలో గ్లవ్స్ చాపి వంగి ఉన్నాడు. అతనికి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే బ్యాట్స్‌మన్ కనిపెడతాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

స్లో బాల్ వేశాను. బ్యాట్ ముందే తిరిగిపోయింది. బంతి వికెట్ల పక్కనుంచి వెళ్లి, యూసుఫ్‌కు అందకముందే రెండోసారి నేలను తాకింది. అతను ముందుకు దూకాడు. గ్లవ్ అంచుకు తగిలి అది ఫైన్ లెగ్ వైపు జారింది. వాళ్లు రెండు బై పరుగులు తీశారు. కప్పు పోయింది.

మల్లేశం వచ్చి యూసుఫ్ చేతుల్లోంచి గ్లవ్స్ లాక్కున్నాడు. యూసుఫ్ అతనితో వాదించలేదు. నా వైపే చూస్తూ, "స్లో ఏస్తవని నాకెర్కలేదే అన్నా," అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అంత సిగ్గు నేను ఏ సిక్సర్‌కూ పడలేదు. జనం వెళ్లిపోవడం మొదలయ్యాక కెప్టెన్ దగ్గరికి వెళ్లాను.

"తప్పు ఆయనది కాదు. నిన్న అడిగిండు, నేను లేదని అబద్ధం జెప్పిన," అన్నాను మల్లేశంతో.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "గట్లయితే గీ గ్లవ్స్ యూసుఫ్‌కే ఉంటయ్. నువ్వు మాత్రం మల్ల మేడిపల్లికి రాకు."

గ్రౌండ్ దాటకముందే యూసుఫ్‌కు ఆ బంతి పట్టు చూపించాను. వేసే ముందు భుజం తుడుచుకుంటానని సైగ కూడా చెప్పాను. అప్పటి నుంచి ఏ జట్టుకు వెళ్లినా మొదట కీపర్‌కే ఆ రెండూ చూపించేవాణ్ని. వాళ్లలో కొందరు తర్వాత ప్రత్యర్థులై నన్ను బాదారు. మరుసటి ఏడు చందుర్తి తరఫున వేస్తూ, మా కీపర్‌కు సైగగా భుజం తుడుచుకున్నాను. ఎదురుగా బ్యాట్ పట్టుకుని యూసుఫ్. బంతి లాంగాన్ అవతల పడింది. "నువ్వు నేర్పిందే గదా అన్నా," అన్నాడు నవ్వుతూ.

ఆ సిక్సర్‌తో ఆ మ్యాచ్ మేము ఓడిపోయాం. అయినా భుజం పనికిరాకుండా పోయి ఆట మానేసేదాకా నేను సైగ మార్చలేదు. బంతిని బ్యాట్స్‌మన్ నుంచి దాచాలి, కీపర్ నుంచి కాదు.