రేటు పెంచమని ఆడిన బేరం

మా ఇంట్లో బేరానికి ఒక వరస ఉంది. చెప్పిన రేటు విని ముందు నవ్వాలి, కోపం చూపించకూడదు. తర్వాత సరుకులో ఒక వంక వెతకాలి. ఆ తర్వాత లేచి చెప్పులు వేసుకోవాలి. రోడ్డు ఎక్కేలోపు వెనక నుంచి పిలుపు వస్తే బేరం కుదిరినట్టు. రాకపోతే మనం అడిగింది మరీ అన్యాయమని అర్థం. అప్పుడు మరిచిపోయిన గొడుగు కోసం వచ్చినట్టు వెనక్కి వెళ్లాలి. ఇందుకోసమే మా అమ్మ వానాకాలమైనా ఎండాకాలమైనా గొడుగుతోనే బజారుకు వెళ్లేది, దాన్ని ఎదుటివాడి అంగట్లో శ్రద్ధగా వదిలి వచ్చేది. నేను ఆ గొడుగు వెనకాలే నడిచి పెరిగాను. కాబట్టి నాకంటే గొప్ప బేరగత్తె నెల్లూరు జిల్లాలో లేదని చాలాకాలం నమ్మాను.

నాయుడుపేటలో మాది ఫ్యాన్సీ అంగడి. గాజులు, రిబ్బన్లు, సవరాలు, పౌడర్లు, క్రీములు. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల ఆడవాళ్లు రొయ్యలు, ఎండు చేపలు అమ్ముకుని, తిరుగు బస్సు ఎక్కేముందు మా దగ్గర ఆగుతారు. ఉప్పుగాలికి, నీళ్ల మీద నుంచి ఎగిరి కొట్టే ఎండకు వాళ్ల బుగ్గలు బీటలు వారి ఉంటాయి. "మొహానికి ఏదో ఒకటి ఇయ్యక్కా" అని అమ్మ ముందు చెయ్యి చాస్తారు. డబ్బా మీద ఏం రాసుందో చూడరు. ఎవరి చేతి నుంచి వచ్చిందో చూస్తారు.

ఆ నమ్మకం పోతుందన్న భయంతోనే అమ్మ ఏ కంపెనీ క్రీమునూ నేరుగా కౌంటరు మీదికి రానీయదు. షట్టరు పక్కన, పడమటి ఎండ సూటిగా తగిలేచోట ఒక అద్దాల అర ఉంది. కొత్త సరుకు ఏదైనా ముందు అక్కడ కూర్చోవాలి. కరగకుండా, కంపు కొట్టకుండా ఉన్నది లోపలికి వస్తుంది. లేనిది ఏజెంటు సంచిలోకి తిరిగిపోతుంది. "ఇది ల్యాబులో టెస్టయిందమ్మా" అని టై సర్దుకునే ఏజెంట్లకు అమ్మది ఒకటే జవాబు: "మీ ల్యాబులో ఏసీ ఉండాది గదా నాయనా. మా పల్లెల్లో లేదు."

ఆ కౌంటరు మీద నా సొంత బ్రాండు డబ్బా ఒకటి నిలబడాలని నాకు పుట్టింది. ఎవరో చేసింది కాదు, నేను చేయించింది అమ్మ తన చేత్తో ఆ ఆడవాళ్లకు ఇవ్వాలి. ఈ పిచ్చి ఎక్కించింది ఫోను. అందులో ఒక పెద్దమనిషి రోజూ తెల్ల సోఫాలో కూర్చుని, పెట్టుబడి అక్కర్లేదు, ఫ్యాక్టరీ అక్కర్లేదు, బ్రాండు ఉంటే చాలు అని చెప్పేవాడు. అతని ముఖానికి రాసినది ఏ బ్రాండో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మద్రాసు దారిలో, సరిహద్దుకు ఇవతల, ఇతరుల బ్రాండ్లకు సరుకు చేసి ఇచ్చే ఫ్యాక్టరీ ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. ఖాళీ చేతులతో కాదు. గూడూరు మార్కెట్లో బేరమాడి కొన్న నిమ్మకాయల బస్తా ఆటోలో వేసుకుని మరీ వెళ్లాను. నా క్రీముకు గూడూరు నిమ్మకాయ ప్రాణమని, అలాంటిది ఇంకే బ్రాండుకూ ఉండదని దారంతా లెక్కలు కట్టుకున్నాను.

ఫ్యాక్టరీ ఓనరు బస్తా విప్పి చూసి, నన్ను చూసి, మళ్లీ బస్తాను చూశాడు.

"ఇవెందుకక్కా?"

"క్రీములో వేయడానికి."

"పులుపు తగిలితే క్రీము విరిగిపోతాదక్కా. పైగా నిమ్మరసం పూసుకుని ఎండలో తిరిగితే మచ్చలు పడతాయి. నిమ్మకాయ బొమ్మ డబ్బా మీద వేద్దాం. వాసన లోపల వేద్దాం. ఇంక కాయతో పనేముంది?"

తర్వాత లోపలికి తీసుకెళ్లి చూపించాడు. పెద్ద స్టీలు డ్రమ్ములో తెల్లటి ముద్ద తిరుగుతోంది. దానికి కాషాయం రంగు, సుగంధం చుక్కలు పడితే కుంకుమపువ్వు క్రీము. ఆకుపచ్చ పడితే కలబంద క్రీము. గులాబీ రంగు పడితే పెళ్లికూతురి క్రీము. గోడ మీద అద్దాల బీరువాలో ఆ ముద్దకు పుట్టిన బ్రాండ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ఒకటి రాజవంశాల రహస్యమట, ఒకటి హిమాలయాల నుంచి దిగిందట, ఒకటి ఎవరో నాయనమ్మ వంటింట్లో పుట్టిందట.

"బేసు ఒకటే అక్కా. కథలు వేరు," అన్నాడు ఓనరు, తన పిల్లల్ని పరిచయం చేస్తున్నంత ముచ్చటగా.

నేను అప్పుడే తిరిగి రావాల్సింది. కానీ ఆ బీరువాలో నా డబ్బాకు చోటు ఎక్కడుంటుందా అని చూస్తూ నిలబడ్డాను. నిమ్మకాయల బస్తా వాళ్ల క్యాంటీనుకు పోయి ఊరగాయ అయింది. తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు పెరుగన్నంలో నాకే వడ్డించారు. చాలా బాగుంది. నా వ్యాపారం మొత్తంలో నిజమైన నిమ్మకాయ పడిన సరుకు అదొక్కటే.

నేను బేసు మీద పట్టుబట్టాను. మా ఆడవాళ్ల ముఖాలకు ఆ ముద్ద సరిపోదు, జిడ్డు ఎక్కువున్నది, ఎండకు నిలిచేది కావాలన్నాను. వాళ్ల కెమిస్టు కొన్ని రకాలు చేసి పంపాడు. అమ్మ అన్నిటినీ అద్దాల అరలో పెట్టింది. మండు వేసవి. ఒకటి మాత్రం గట్టిగా నిలబడింది. అమ్మ దాన్ని తన మోచేతులకు, మడమలకు రాసి చూసుకుని, మాకు రొయ్యలు పోసే ఆమెకు కొంచెం కాగితంలో చుట్టి ఇచ్చింది. మేమందరం రొయ్యలక్క అంటాం ఆమెను. మరుసటి సంతకు రొయ్యలక్క గంప దించకుండానే అడిగింది.

"ఆ నిమ్మకాయ వాసనది యాడక్కా? మా వీధంతా అడగతా ఉండారు."

"మా పాప చేయిస్తా ఉండాది. రానీ, మొదటి డబ్బా నీకే," అంది అమ్మ.

అమ్మ ఒక మనిషికి ముందుగా మాట ఇవ్వడం నేను అప్పుడే చూశాను. ఇక నేను మాట తప్పినా అది అమ్మ మాట తప్పినట్టే.

సరుకు నచ్చాక బేరం మొదలుపెట్టడం మా ఇంటి పద్ధతి. అందుకే శాంపిలు ఖాయం చేసుకున్నాక, ఆ డబ్బాను ఓనరు బల్ల మీద మా ఇద్దరి మధ్య పెట్టి, చెప్పిన రేటు విని నవ్వాను.

"ఇంకొంచెం తగ్గించన్నా."

"చేద్దామక్కా."

మూత వంకరగా ఉందన్నాను. "చేద్దామక్కా." మొదటి ఆర్డరు కదా, నన్ను నిలబెట్టాలన్నాను. "చేద్దామక్కా." లేచి చెప్పుల్లో ఒక కాలు పెట్టానో లేదో, రెండో కాలు పెట్టకముందే పిలిచాడు. గొడుగు అవసరమే రాలేదు. చివర్లో కొసరు కూడా అడిగాను. అంగడివాళ్లం, కొసరు లేకుండా బేరం ముగిస్తే మాకు అన్నం సయించదు. నవ్వుతూ ఇంకో పెట్టె ఊరికే ఇస్తానన్నాడు.

ఇంటికొచ్చి రాగానే అమ్మకు కథంతా అభినయించి చూపించాను. అమ్మ రిబ్బను చుడుతూ వింది.

"తగ్గించేటప్పుడు ఏడ్చినాడా?"

"లేదు. నవ్వినాడు."

రిబ్బను చుట్టే చెయ్యి ఆగింది. "అదేందిమే, నవ్వతా తగ్గించినాడా? అయితే యాడో తగ్గించే ఉంటాడు, చూసుకో."

అసూయ అనుకున్నాను. ఆమెకు ఎప్పుడూ అంత రేటు తగ్గలేదు మరి.

సరుకు వచ్చింది. పెట్టెల మీద, డబ్బాల మీద నా బ్రాండు, నిమ్మకాయ బొమ్మ, నిగనిగలాడే పసుపు. నేను పెట్టె విప్పి కౌంటరు మీద అందంగా పేర్చబోతే అమ్మ ఒక డబ్బా తీసుకుని అద్దాల అర వైపు నడిచింది.

"అమ్మా, శాంపిలు ఆల్రెడీ పాసయింది గదా!"

"పాసయింది శాంపిలు. ఇది శాంపిలా?"

కూతురి సరుకుకు కూడా ఆ అరే. నేను మూతి ముడుచుకుని తిరిగాను. తర్వాత ఒక సాయంత్రం అమ్మ ఆ డబ్బా మూత తీసి నన్ను పిలిచింది. పైన నీళ్లు తేలాయి. కింద ముద్ద పలుకులు పలుకులుగా విడిపోయింది. అమ్మ తలలో నుంచి పిన్ను తీసి కలిపి చూసింది.

"మజ్జిగైనా ఇంతకంటే చిక్కగా ఉంటాదిమే."

ఆ వారం రొయ్యలక్క వచ్చి, దించిన గంప పక్కనే, నా బ్రాండు పెట్టె మీద చతికిలబడింది. ఎండనపడి వచ్చిందేమో, పైట చెంగుతో ముఖం అద్దుకుంటూ అడిగింది. "పాప క్రీము రాలేదా అక్కా?"

"ఇంకా రాలేదు," అంది అమ్మ, ఆమె కూర్చున్న పెట్టె వైపు చూడకుండా.

మర్నాడే శాంపిలు డబ్బా ఒక చేత, విరిగిన డబ్బా ఒక చేత పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. మోసం, దగా అని దారిలో కూడబెట్టుకున్న మాటలన్నీ ఓనరు బల్ల మీద కుమ్మరించాను. అతను విరిగిన క్రీమును చూసి కొంచెం కూడా కంగారు పడలేదు.

"శాంపిలు మొదటి రేటుకు చేసినామక్కా. సరుకు చివరి రేటుకు చేసినాం."

"అంటే?"

"నువ్వు తగ్గించిన ప్రతిసారీ కెమిస్టుకు చెప్పినా. ఒకసారి వెన్నలాంటి జిడ్డు తగ్గించినాడు. ఒకసారి గ్లిజరిన్ తగ్గించినాడు. ఒకసారి నూనెనూ నీళ్లనూ విడిపోకుండా పట్టి ఉంచే మైనం తగ్గించినాడు. కొసరు అడిగినావు చూడు, దానికి నీళ్లు పోసినాం."

"నాతో చెప్పాలి గదా!"

"నువ్వు అడగలేదు గదక్కా. రేటు అడిగినావు. ఇచ్చినా."

అంగట్లో చీరను ఎంత బేరమాడినా చీర పొట్టి కాదు. గాజుల రేటు తగ్గిస్తే గాజు పలచబడదు. వస్తువు అప్పటికే పుట్టి అరలో కూర్చుని ఉంటుంది, తగ్గేది అమ్మేవాడి లాభమే. పుట్టిన దగ్గర నుంచి అదే చూశాను. ఇంకా పుట్టని సరుకుతో బేరమాడుతున్నానని, నేను కోసే ప్రతి ముక్కా దాని కడుపులో నుంచే పోతుందని ఆ బల్ల ముందు ఒక్కసారైనా తట్టలేదు. అతను దొంగ, అందులో అనుమానం లేదు. కానీ దొంగకు దగ్గరుండి మూటలు కట్టి ఇచ్చింది నేను.

"సరే, మొదటి రేటే తీసుకో. మొదటి సరుకే ఇవ్వు," అన్నాను.

అతను మొదటిసారి అనుమానంగా చూశాడు. ఆ కుర్చీలో కూర్చుని రేటు పెంచమని అడిగిన మనిషి అతనికి ఎదురైనట్టు లేదు.

"ఏందక్కా, కేసు పెడతావా?"

"పెట్టను. క్రీము కావాలి."

"అంత రేటు ఎందుకక్కా నీకు? మధ్యలో చేద్దాం. ఈ పాత సరుకు కూడా నేనే తీసుకుంటా, ఇంకో లేబులు వేసి ఇంకెవరికైనా పంపిస్తా. నీకు నష్టం ఉండదు. అయినా నీ కస్టమర్లు చేపల జనం గదా. వాళ్లకేం తెలస్తాది?"

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఈసారి పద్ధతి ప్రకారం కాదు, నిజంగానే. గేటు దాటాను. రోడ్డు ఎక్కాను. పిలుపు రాలేదు. లారీలు పోతున్న హైవే పక్కన నిలబడితే గుర్తొచ్చింది: ఇంకో ఫ్యాక్టరీకి పోతే మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ఇంకో డ్రమ్ము, ఇంకో బీరువా. రొయ్యలక్క ముఖం ఈ ఎండలకు ఇప్పటికే మండుతోంది. గొడుగు కూడా తేలేదు.

వెనక్కి వెళ్లాను.

"ఏం మరిచిపోయినావక్కా?"

"సిగ్గు," అన్నాను. "ఇక్కడే వదిలేసినా. దాంతో పనిలేదు గానీ, మొదటి రేటు, మొదటి సరుకు. పాత డబ్బాల లేబుళ్లు నా కళ్లముందు చింపాలి, ఆ క్రీము చెత్తకే పోవాలి. కొత్త సరుకు డ్రమ్ములో నుంచి దిగంగానే ఒక డబ్బా నీ కారు డాష్‌బోర్డు మీద పెట్టి, కారును ఎండలో నిలపాలి. అది నిలిస్తేనే నేను తీసుకుంటా."

"నా కారా? ఏసీ బండి అక్కా అది. కారితే సీట్లు పాడైపోతాయి!"

"కారకుండా చేస్తే పాడవదు గదన్నా."

కొత్త సరుకు దిగిన రోజు అతను సీటు మీద పరిచిన తుండుగుడ్డను చూసినప్పుడే అతని సరుకు మీద అతనికి ఎంత నమ్మకం ఉందో తెలిసింది. పాపం కెమిస్టు మాత్రం మైనం ధారాళంగా వేసినట్టున్నాడు. క్రీము నిలిచింది.

అమ్మ కారు మాట నమ్మలేదు. అద్దాల అరలో పెట్టింది, వేలు పెట్టి చూసింది, మళ్లీ పెట్టింది. ఒక మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి నా డబ్బా కౌంటరు మీద, పౌడర్లకూ కాటుకకూ మధ్య నిలబడి ఉంది. పక్కన ఉన్న పెద్ద కంపెనీ డబ్బాను అమ్మ కొంచెం జరిపి చోటు చేసింది.

సంతనాడు రొయ్యలక్క వచ్చింది. డబ్బా తెరిచింది, వాసన చూసింది, చెంపకు రాసుకుని బయటి ఎండలోకి ఒక అడుగు వేసి వచ్చింది.

"ఎంతక్కా?"

"పాప సరుకు. పాపనే అడుగు," అంది అమ్మ.

నేను రేటు చెప్పాను. నా జీవితంలో మొదటిసారి బేరం కోసం ఒక రూపాయి కూడా పైకి వేసుకోకుండా చెప్పిన రేటు. రొయ్యలక్క నవ్వింది. కోపం రాలేదు, నవ్వింది. తర్వాత డబ్బాను తిప్పి చూసింది.

"మూత కొంచెం వంకరగా ఉండాదే పాపా."

ఈ వరస నాకు తెలుసు. ఆమె డబ్బాను మెల్లగా కౌంటరు మీద పెట్టి, ఖాళీ గంప చంకన పెట్టుకుని, గడప దగ్గర విప్పిన చెప్పుల్లో కాళ్లు దూర్చింది. క్రీము డబ్బాలో గట్టిగానే ఉంది. ఆమె ఇప్పుడు ఎంత బేరమాడినా అందులో నుంచి మైనం పోదు, జిడ్డు పోదు. పోయేదంతా నా దగ్గర నుంచే. ఆమె ఇంకా రోడ్డు ఎక్కలేదు. మెట్టు దిగుతోంది, అంతే.

"అక్కా, రా, రా! తగ్గిస్తాలే!"

రొయ్యలక్క తిరిగి చూసి, ముందే కొసరుకు చెయ్యి చాస్తూ వచ్చింది. అమ్మ రిబ్బను చుడుతూనే ఉంది.

"రోడ్డు ఎక్కనియ్యాల్సింది మే," అంది తల ఎత్తకుండా. "క్రీము లేకుండా ఈ ఎండలో బస్టాండు దాకా పోలేక తనే వచ్చుండేది."