సంచిలో దొరికిన కన్ను

"నా సంచిలోంచి ఎవరో చూస్తున్నట్టుంది. కాస్త తీసి చూడమ్మాయ్, నాకు చేతులాడట్లేదు."

ఆ మాట అన్నది కృత్రిమ కళ్ళు చేసే మా వర్క్‌షాపులో పాతికేళ్ళుగా కంటిపాపలకు రంగులు వేస్తున్న మనిషి. అందరం కళ్ళక్క అంటాం. నేను కెమిస్ట్రీ చదివి, అక్కడ ప్లాస్టిక్ కలిపే పనిలో ఉన్నాను. మా చంటిదానికి అప్పుడు ఎనిమిదో నెల.

టిఫిన్ డబ్బా కింద, చేతిరుమాల్లో, ఒక గోధుమరంగు కన్ను. ఎటు తిప్పినా నావైపే చూసింది. వెనక ఒక కంటి ఆస్పత్రి ఆర్డరు నంబరు ఉంది. మా యజమానికి ఆ ఆస్పత్రే పెద్ద క్లయింటు.

అక్క నెలాఖరుకి మానేసి సొంతంగా పెట్టుకోబోతోంది. అది తెలిసి ఆస్పత్రి డాక్టరు, మా పని మీరే చెయ్యండని కబురు పెట్టాడు. అక్క జవాబివ్వలేదు. మానేశాక సొంత పని పెట్టుకోవడానికి ఆమె ఒప్పందంలో అడ్డేమీ లేదు. కానీ జీతం తీసుకుంటూ యజమాని క్లయింటును లాక్కున్నా, నమూనాలూ రంగుల కొలతలూ పట్టుకుపోయినా కేసవుతుందని లాయరు చెప్పాడట. ఈ కన్ను ఆమె సంచిలో దొరికిందంటే నమూనా దొంగిలించినట్టే, ఆస్పత్రి పనీ దక్కనట్టే.

"ఎవరు పెట్టారక్కా?"

"దాన్నే అడుగు. రెప్పల్లేవుగా, అంతా చూసే ఉంటుంది."

"ఏ సొరుగులోనో పడేద్దాం. ఎవరికీ తెలీదు."

"నీకు తెలుసు, నాకు తెలుసు. పెట్టినవాడికీ తెలుసు."

దాన్ని అరచేతిలో పెట్టుకుని యజమాని గదిలోకి నడిచింది. వెనకే నేను. బల్లమీద కళ్ళ ట్రే ఉంది. ఒక్క గుంట ఖాళీ. ఆయన ఎక్కడ దొరికిందని అడగలేదు.

"తెస్తావని తెలుసు," అన్నాడు నెమ్మదిగా.

పెట్టించింది ఈయనేనా అనిపించింది నాకు. అక్క మాత్రం సంచి బల్లమీద బోర్లించింది. "ఇందులో మీ వస్తువేదీ లేదని రాసి సంతకం పెట్టండి. కన్ను మీకు ముట్టినట్టు కూడా."

ఆయన కాగితం లాక్కుని, రాసి సంతకం పెట్టాడు.

ఆమె మానేసిన నెలకు ఆస్పత్రి తనంతట తానే ఆమె దగ్గరికి వెళ్ళింది. నమూనాలు ఎత్తుకుపోయిందని మా యజమాని నోటీసు పంపాడు. ఆయన సంతకం పెట్టిన కాగితం నకలు అక్క పంపాక, ఇక కేసు మాట ఎత్తలేదు. అక్క పాత కొలతలేవీ వాడదు. ప్రతి రోగినీ ఎదుట కూర్చోబెట్టుకుని, ఉన్న కంటిని చూస్తూ రంగు కలుపుతుంది.

నిన్న ఒక క్లినిక్ నుంచి నాకు ఫోనొచ్చింది, ఆఫీసుకి తెలీకుండా కళ్ళు విడిగా చేసిస్తారా అని. గొంతు తెలిసినట్టే ఉంది, ఎవరిదో తేలలేదు; ఇదీ సంచిలో పెట్టిన కన్నులాంటిదేనేమో. ఇలాంటప్పుడు అనమని అక్క నేర్పిన మాటే చెప్పి పెట్టేశాను: "నేనింకా ఇక్కడ జీతం తీసుకుంటున్నానండీ. ఆఫీసులో అడగండి."