గద్వాల అంచులను పాత కంప్యూటర్‌లోంచి దింపిన మహబూబ్ సాబ్

మొన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, నాగర్‌కర్నూల్‌లో కూతురి ఇంట్లో, మహబూబ్ సాబ్ తుదిశ్వాస విడిచారు. ఫోన్‌లో ఆ దుర్వార్త విన్నప్పుడు మగ్గం మీద ఉన్నాను. నాడె పక్కన పెట్టి మగ్గం దిగాను. గద్వాలలో నలభై ఏళ్లు మొదట రేడియోలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసిన మనిషి. యాభై దాటాక నాకు అక్షరభిక్ష పెట్టిన గురువు. ఈ నాలుగు ముక్కలూ ఆయన చలవే.

సాధుస్వభావుడు, మృదుభాషి అని అందరూ రాస్తారు. అబద్ధం. ఆయన నోరు ముల్లు. నేను 'క'కు తలకట్టు మరిస్తే, "ఏంది నర్సప్పా, గంత సన్నని జరీపోగు కనబడ్తది, ఇంత పెద్ద తలకట్టు కనబడదా?" అనేవారు. తెలియనితనాన్ని క్షమించేవారు. తెలిసినట్టు నటించేవాణ్ణి మాత్రం గడప తొక్కనిచ్చేవారు కాదు.

అలాంటి వాళ్లు మా నేత సంఘం నిండా ఉన్నారు. గడుల కాగితాల మీద గీసిన చీరల అంచుల గ్రాఫులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి కదా అని ఆ కాగితాలను చెదలకు వదిలేసిన మేధావులు! ఏళ్లు గడిచి ఆ కంప్యూటర్ తెర వణకడం మొదలుపెట్టింది. అది ఆగితే మూడు తరాల అంచులు పోయినట్టే. కొత్తది కొన్నారు. పాతదానిలోని సరుకు దీనిలోకి ఎలా వస్తుందో ఒక్కడూ ఆలోచించలేదు. పాతదానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు, చొక్కా ఇస్త్రీ నలుగుతుందేమోనని, దాన్ని ముట్టుకోనైనా లేదు. "తుక్కుకు అమ్మేయండి" అన్నాడు. సంఘం అధ్యక్షుడు తల ఊపాడు. ఆ తలకు ఊగడం తప్ప మరో విద్య రాదు.

మహబూబ్ సాబ్ రెండింటినీ తన దుకాణానికి తెప్పించారు. పాతదాని వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంది. కొత్తదానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోట తగిలిస్తే అలాంటి సాకెట్టే ఇచ్చే ముక్క ఒకటి తెచ్చారు. తన చేతులు వణుకుతున్నాయని, మధ్యలో తీగలు అతకడానికి నన్ను పిలిచారు. నేను నేతగాణ్ణి. పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు ఏ వరుస పోగును ఆ వరుస పోగుకే కలుపుతాం. అలాగే రెండో పిన్నును రెండోదానికి, మూడోదాన్ని మూడోదానికి కలిపాను. రెండు రోజులు గడిచాయి. ఒకటి పంపుతోంది, ఇంకొకటి ఉలకదు పలకదు.

మూడో నాడు సాబ్ తీగ విప్పి చూసి నెత్తి కొట్టుకున్నారు.

"నర్సప్పా, గిది పడుగనుకున్నవా? రెండు నోళ్లు కలిపి కట్టినవ్! ఇద్దరూ ఒర్లుడే, ఇనేటోడెవడు?"

"మరి ఎట్ల గట్టాలె సాబ్?"

"దీని నోరు దాని చెవుల పెట్టు, దాని నోరు దీని చెవుల పెట్టు. అడ్డం మార్చు."

"గా మాట ముందుగాల చెప్తే ఏమాయె?"

"నేను చెప్పలే, నువ్వు అడగలే. మన సంఘంల కూసునే అర్హత ఇద్దరికీ ఉన్నది పో!"

మార్చాను. మొదటి అంచు కొత్త కంప్యూటర్‌లోకి దిగింది. తెరిచి చూస్తే ఒక్క గడి చెదరలేదు. సాయంత్రానికి ఆఖరి అంచు కూడా చేరింది. నాలుగు రోజులకు పాత కంప్యూటర్ ఆగిపోయింది, మళ్లీ లేవలేదు.

నిన్న సంతాపసభ. "మేమంతా దగ్గరుండి ఆ పని చేయించాం" అన్నాడు అధ్యక్షుడు. ఇంజినీరు సలహా అమూల్యమట. చప్పట్లు కూడా కొట్టారు, సంతాపసభలో! మా గురువుకు నా నమస్సులు. ఆయన లోటు పూడేది కాదు. పూడుస్తామని ముందు వరుసలో కూర్చున్న ముఖాలను చూస్తే అది ఇంకా లోతుగా కనిపిస్తుంది.

అచ్చులో ఉండాలని రాస్తున్నాను. తీగ కలిసిన ఆ రోజు దుకాణంలో ఉన్నవాళ్లు: మహబూబ్ సాబ్, పాత యంత్రం వేడెక్కకుండా పొద్దంతా విసనకర్రతో విసిరిన ఆయన భార్య రజియా బీ, నర్సప్ప అనే నేను. ఇంకెవరూ లేరు.