అడిగేవాళ్ళున్న గల్లీ

ఆ గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. నాలుగేళ్ళుగా ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో ‘ఎండ ఎక్కువగా ఉంది’ అని మాత్రం రాసి మూసేశాను. ఈ ఉదయం వనపర్తిలో మేముండే వీధి చివర ఇళ్ళ ముందటి బండలు పెకలిస్తున్నారు. గడ్డపార బండకు తగిలినప్పుడల్లా పళ్ళు జివ్వుమంటున్నాయి. పాత సున్నం వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. గద్వాలలో భాగ్యమ్మ టీచర్ ఇంటి ముందు భాగం కూల్చినప్పుడు ఆ వీధంతా ఈ వాసనే. ఆమె ఇప్పుడు లేరు. అందుకేనేమో, ఇక రాయవచ్చు అనిపించింది.

డిగ్రీ అయ్యాక నేను ఇటిక్యాల వైపు పల్లె నుంచి వచ్చి గద్వాలలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. భాగ్యమ్మ టీచర్ అక్కడ తెలుగు చెప్పేవారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, ఎప్పుడూ చేతిలో గొడుగుతో. నేతవాళ్ళింటి ఆడపడుచు, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. బడిలో పాఠాలు చెప్పడానికి కొత్తగా వచ్చే ఆడపిల్లలకు గది వెతికిపెట్టడం ఆమె తన పనిగా పెట్టుకున్నారు. అదేమంత తేలిక పని కాదు. ఊరు అప్పుడు సగం కూలబడి, సగం లేస్తున్నట్టు ఉండేది. ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు మూతబడింది, దాని గోడ నీడన పట్టపగలే తాగేవాళ్ళు చేరేవారు. ఇంకో పక్క రోడ్లు వెడల్పు అవుతున్నాయి, కొత్త స్తంభాలకు తెల్లటి లైట్లు వస్తున్నాయి. నిరుడు మంచిదనుకున్న వీధి ఈ ఏడు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆమె పద్ధతి ఆమెది. ఏ గల్లీనైనా మూడుసార్లు చూడాలి: మధ్యాహ్నం ఒకసారి, బడి విడిచాక ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక గడపలో మంచినీళ్ళు అడగాలి. నీళ్ళిచ్చి ఊరుకుంటే ఆ గల్లీకి సగం మార్కులే. నీళ్ళిచ్చి, నిలబెట్టి, “ఎవరి బిడ్డవే? ఏ ఊరు మీది? ఈడ ఏం పని?” అని అడిగితే పూర్తి మార్కులు. నాకేమో కొత్తవాళ్ళు పేరడిగితేనే గొంతు పెగలదు.

“నాకు సిగ్గయితుంది టీచర్, గిన్ని అడుగుతున్నరు,” అన్నాను మొదటిరోజే.

“అడిగేటోళ్లుండాలె బిడ్డా. నిన్ను అడిగినోళ్లు నీ ఎనక వచ్చేటోన్ని గూడ అడుగుతరు,” అన్నారు ఆమె, గొడుగు మడుస్తూ.

చివరికి నాకు దొరికిన గల్లీలో రెండు వైపులా మగ్గాలే. గుంత మగ్గం అంటే నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు దించి కూర్చుని నేసేది. అందుకని నేసేవాళ్ళ కళ్ళు వీధి నేలకు కాస్త పైన, చిన్న కిటికీ దగ్గర ఉంటాయి. వాళ్ళు మనుషులను పాదాలను బట్టి గుర్తుపట్టేవారు. “ఏం పంతులమ్మా, ఇయ్యాల కుంటుతున్నవ్, చెప్పు తెగిందా ఏంది?” అని మొహం కనబడని గొంతు ఒకటి పలకరించేది. ఒకసారి తెలియని బూట్లు ఒక జత నా వెనక రెండు రోజులు వరసగా వచ్చాయి. రెండో రోజు మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. “ఎవరు గావాలె నీకు?” అని నాలుగు కిటికీల్లోంచి నాలుగు గొంతులు అడిగాయి. మూడోరోజు ఆ బూట్లు రాలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు టీచర్ ఎవరికి గది వెతికినా పక్కన నేనుండేదాన్ని. ఆమె చూసేవారు, నేను గుర్తుపెట్టుకునేదాన్ని. ఇంటికి వచ్చి ఏ గల్లీలో ఎవరు ఏమడిగారో డైరీలో రాసుకునేదాన్ని. నాకు స్నేహితులంటూ ఎవరూ లేరు. ఆ సాయంత్రాలే నా ఆస్తి.

అప్పుడు కవిత వచ్చింది. ధరూర్ పక్క పల్లె. సన్నగా, గలగలమంటూ, నవ్వితే పక్క క్లాసుకు వినబడేది. సాయంత్రం బస్సు తప్పితే షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి పోవలసి వచ్చేది. “నెల చూస్త. మంచి జాగల గది దొరికితే సరే, లేకుంటే కొలువు బంద్,” అని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడట. కవితకు బీఎడ్ చదవాలని ఆశ. జీతం ఉంటేనే ఆ చదువు.

ముగ్గురం గల్లీలు తిరగడం మొదలుపెట్టాం. సన్న గల్లీల్లో ఇద్దరే పక్కపక్కన నడవగలరు. మూడోమనిషిని నేనయ్యాను. వెనక నుంచి వాళ్ళిద్దరి జడలనూ చూస్తూ నడిచేదాన్ని. కవితను నీళ్ళు అడగమంటే, “నీళ్లెందుకవ్వా, చాయ్ ఉంటే పోయ్ జర,” అనేది. “చాయ్ గావాల్నా నీకు! అల్లునివా ఏంది?” అని ముసలమ్మలు పగలబడి నవ్వేవారు. టీచర్ కూడా నవ్వి నా వైపు తిరిగి, “చూసినవా, గిట్లుండాలె,” అన్నారు. ఆమెకది మాట వరస. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ వారమే మా ఇంటి యజమానురాలు నాగమ్మ నా పక్క గది కడిగిస్తూ అడిగింది. “ఏమే, ఈ గది ఖాళీ అయింది. మొగోళ్లకియ్య నేను. మీ బడిల మంచిపిల్ల ఎవరన్న ఉన్నదా?”

“ఎవరు లేరు పెద్దమ్మా,” అన్నాను.

అంత తొందరగా నేను ఎవరికీ ఎప్పుడూ జవాబు చెప్పలేదు. కవిత ఈ గల్లీకి వస్తే వారం తిరిగేసరికి నాగమ్మ ఆమెదైపోతుంది. నా చెప్పు సంగతి అడిగిన కిటికీలు ఆమె చెప్పు సంగతి అడుగుతాయి. టీచర్ ఎలాగూ ఆమె మనిషే. నాకు మిగిలేది ఏమిటి?

అప్పుడే టీచర్ ఇంటి మీద రోడ్డు వెడల్పు గుర్తు పడింది. ముందు గదిలోని మగ్గాలు ఎక్కడ పెట్టాలో తెలియక వాళ్ళింట్లో అందరూ పరేషాన్ అవుతున్నారు. “నువ్వే చూపియ్యి కవితకు. నాకు తెలిసిందంత నీకు తెల్వదా ఏంది,” అన్నారు టీచర్ నాతో. నేను కవితను వెడల్పు చేసిన కొత్త రోడ్డుకు తీసుకెళ్ళాను. శుభ్రంగా ఉంది, లైట్లున్నాయి. ఇళ్ళ ముందు గదులు కోసేసినందువల్ల మగ్గాలు పోయాయనీ, మనుషులంతా వెనక గదుల్లోకి సర్దుకున్నారనీ నాకు కనబడుతూనే ఉంది.

“మూడుసార్లు రావాలె కదక్కా?” అంది కవిత.

“గిన్ని లైట్లున్నయి కదా,” అన్నాను.

కవిత ఆ రోడ్డులోనే గది తీసుకుంది. ఇరవై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం కవిత ట్యూషన్ చెప్పి వస్తుంటే ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చి ఆమె చున్నీ పట్టి లాగారు. కవిత అరిచింది. అంత పెద్ద గొంతు కూడా వెనక గదుల దాకా చేరలేదు. మోచేతులు గీరుకుపోయి, ఒంటి చెప్పుతో పరుగెత్తి గది చేరింది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి ట్రంకుపెట్టె ఆటోలో పెట్టించాడు. “నువ్వేం తప్పు జేసినవని కాదు బిడ్డా, నాతోని గాదు,” అంటూ తల వంచుకున్నాడు. కవిత ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, “నీ గల్లీని చూస్తే కుళ్లయితుండె అక్కా నాకు. గసొంటిది నాకు దొరకలే,” అంది.

నేను ఈర్ష్యపడిన పిల్ల నన్ను చూసి ఈర్ష్యపడిందట. ఆ మాట నాకు ఊరటనిచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఒక్క క్షణం ఇచ్చింది.

“ఎన్నిసార్లు పోయినరు ఆ రోడ్డుకు?” అని టీచర్ నన్ను అడిగారు.

“ఒక్కసారి.”

ఆమె బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టారు. బోర్డు మీద అక్షరం ముక్క లేదు.

కవిత బీఎడ్ చదవలేదని తరువాత తెలిసింది. నేను వనపర్తి వచ్చాక, ఇక్కడి బడిలో కొత్తగా చేరిన పంతులమ్మలతో మూడుసార్లు గల్లీలు తిరుగుతున్నాను. గడపల్లో నీళ్ళు నేనే అడుగుతాను, గొంతు పెగలకపోయినా. వాళ్ళలో ఎవరైనా గలగలా నవ్వితే లోపల పాత మంట రేగుతుంది. అది చల్లారిందని అబద్ధం రాయను. మంట ఉండగానే వెళ్ళి ఇల్లు అడుగుతాను, అంతే.

నేను గద్వాల విడవకముందే, ముందు గది పోయిన ఇంట్లో మగ్గం సాగక టీచర్ వాళ్ళు నాగర్‌కర్నూల్‌లోని బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. సామాను వ్యానుకెక్కించిన రోజు నాగమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. మధ్యలో నాగమ్మ నోట ‘పక్క గది’ అన్న మాట వినబడింది, టీచర్ తలెత్తి నా వైపు చూశారు. డ్రైవరు తొందరపెడుతున్నా నన్ను దగ్గరికి పిలిచారు. తిడతారనుకున్నాను. నా చెంప నిమిరి, ఎవరికీ వినబడకుండా అన్నారు:

“ఇంకో పిల్ల వస్తది బిడ్డా. వచ్చిననాడు గది లేదని నువ్వనకు. ఇంటోళ్లను అననియ్యి.”