వణకని రిమోట్

మా ఆయన చొక్కా జేబులో ఫోను గుర్రుమని వణికింది. అది సర్పంచ్ ఫోను. సర్పంచును నేను. మోతె దగ్గరి మా చిన్న ఊళ్లో పంచాయతీ గోడ మీద నా పేరే రాసి ఉంది. అయినా మండలాఫీసు నుంచి ఎవరు చేసినా వణికేది ఆయన జేబే. ఆ పొద్దున పైవాడ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వాకిట్లోకి వచ్చి నన్ను కడిగిపారేశారు. వాళ్ల వాడకు రావాల్సిన బోరు మా ఆయన దోస్తు ఇంటి ముందర పడిందట. "నీకే గద చెల్లే ఓట్లేసినం? గిట్లనా చేసేది?" అన్నారు. ఆ బోరు సంగతే నాకు తెలియదు. ఒళ్లు భగ్గున మండింది. సరిగ్గా అప్పుడే ఆ జేబు వణికింది, మిర్యాలగూడ కళావతక్క గుర్తొచ్చింది.

కళావతక్కది మా మేనమామ పక్కిల్లు. ఆమె పెనిమిటి రైసుమిల్లు లారీ డ్రైవరు. ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చిన పాత వీడియో గేమ్ పెట్టెను ముందు గదిలో టీవీకి తగిలించి, ఆమె గేమ్‌షాపు నడిపేది. మనిషి మంచిదే గానీ నోరు మంచిది కాదు. ఎవడైనా ఓడిపోయిన ఉక్రోషంలో రిమోట్ విసిరికొట్టాడా, వాడి వీపు విమానం మోత మోగాల్సిందే. పిల్లలంతా ఒక్క ఆట కోసం పడిచచ్చేవారు. వీధి బాస్కెట్‌బాల్. చుట్టూ ఇనుప జాలీ, జట్టుకు ముగ్గురు. రిఫరీ లేడు, విజిల్ లేదు. అడ్డొచ్చినవాణ్ణి తోసెయ్యొచ్చు, గాల్లో మెలికలు తిరిగి బుట్టకు వేలాడొచ్చు. పన్నెండేళ్లప్పుడు వేసవి సెలవులకు వెళ్లిన నాకు ఆ ఆట తప్ప అన్నం కూడా గుర్తుండేది కాదు.

మామ కొడుకులు రాజు బావ, సురేష్ బావ చెరో రిమోట్ పట్టుకుని మూడోది నా చేతికిచ్చారు. "పసుపు బనియనోడు నీవోడు, ఆడుకో పో" అన్నాడు రాజు బావ. నేను బొటనవేళ్లు నొప్పెట్టేదాకా బటన్లు నొక్కేదాన్ని. పసుపు బనియనువాడు ఉరికేవాడు, ఎగిరేవాడు, బుట్టలో వేసేవాడు. "నేనేసిన! నేనేసిన!" అని బెంచీ ఎక్కి గంతులేసేదాన్ని. షాపంతా నవ్వేది. మెచ్చుకుని నవ్వుతున్నారనుకున్నాను, పిచ్చి మొహాన్ని.

ఓ రోజు కళావతక్క టీవీ బల్ల వెనక ఊడుస్తుంటే చీపురుకు ఓ తీగ చిక్కుకుంది. లాగితే కొస బయటికొచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన ఆ కొస దేనికీ తగిలించి లేదు. అది నా రిమోట్ తీగ. ఆ మూడో ఆటగాణ్ణి ఎప్పుడూ ఆ గేమ్ పెట్టే దానంతటదే ఆడించుకుంటోంది. నేను సెలవులన్నీ చచ్చిన బటన్లు నొక్కుతూ కూర్చున్నాను.

"బంతి గుంజుకున్నప్పుడు నీ చేతిల వణుకుతదా?" అని అడిగింది నన్ను.

"వణకదు అక్కా."

"వీళ్ల చేతులల్ల వణుకుతది. నీకు ఆట ఇయ్యలే బిడ్డా, ఆడుతున్నవని చెప్పిన్రు, గంతే." రాజు బావ చేతిలోంచి రిమోట్ లాక్కుని నా చేతిలో కుక్కింది.

"దానికిస్తే ఓడిపోతం అక్కా!" అని అరిచాడు రాజు బావ.

"ఓడిపోనియ్యి. ఓడిపోతే అదే ఓడిపోతది. నీకేం నొప్పిరా?"

టీవీలో ఎవడో నావాణ్ణి భుజంతో గుద్దాడు. రిమోట్ నా అరచేతుల్లో జుమ్మని వణికింది. బంతి పోయింది, ఆట పోయింది, నేను బోరున ఏడ్చాను. ఓడినందుకు కాదు. అన్ని రోజులు నన్ను చూసి నవ్విన ఆ మొహాలన్నీ ఒక్కసారిగా అర్థమైనందుకు. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే నాకు పళ్లు పటపటమంటాయి. కళావతక్క ఓదార్చనైనా లేదు. "ఏడుస్తే ఏడువు. రిమోట్ మాత్రం ఇడువకు" అంది. నేను విడవలేదు. మర్నాడూ ఓడాను, ఆ తర్వాతా ఓడాను. సెలవులు అయిపోయేలోపు సురేష్ బావ మనిషిని జాలీ మీదికి తోసి బంతి లాక్కుని గెలిచాను. "వామ్మో, ఎంత మొండి ఘటమే!" అని ఆమె నవ్విన నవ్వు ఒక్కటే నేను దాచుకున్న నవ్వు.

మరుసటి ఏడు వెళ్లేసరికి ఆ గదిలో ఆమె మరిది సెల్ రీఛార్జ్ షాపు పెట్టుకుని కూర్చున్నాడు. కళావతక్క పెరట్లో అంట్లు తోముతోంది.

"ఆట ఏదక్కా?"

"అమ్మిన్రు. నేను తల్లిగారింటికి పోయినప్పుడు. నన్నొక్క మాట అడుగలే." గిన్నెను బండకేసి కొట్టింది. "షాపు నాదే అనుకున్న, సూడు! నువ్వన్న మంచిగ సూసుకో బిడ్డా."

అంత నోరున్న మనిషిని ఒక్క మాట అడక్కుండా పక్కకు నెట్టేశారే, వాళ్ల చేతులు పడిపోను!

చూసుకోమని చెప్పింది కదా, నేనేం చూసుకున్నాను? బెంచీ ఎక్కి గంతులేసిన పిల్లనే మళ్లీ అయ్యాను, ఈసారి మెడలో పూలదండతో.

మా ఆయన ఫోను తీసి, "ఆ, సార్! సర్పంచ్‌నే మాట్లాడుతున్న" అన్నాడు. నేను లేచి వెళ్లి ఆయన చెవి దగ్గరి ఫోను లాక్కున్నాను. ఆ గుంజులాటలో లైను కట్టయింది.

"నీకెందుకే ఈ పరేషాను? తప్పు మాట్లాడితే ఇజ్జత్ పోతది!"

"పోతే నాదే పోతది. నీకేం నొప్పి?"

పైవాడ ఆడవాళ్లు వాకిట్లోంచి ఇంకా కదల్లేదు. ఫోను మళ్లీ వణికింది, ఈసారి నా అరచేతిలో. ఆయన చెయ్యి చాచాడు. నేను వెనక్కి జరిగి ఎత్తాను.

"సర్పంచ్‌ను మాట్లాడుతున్న. ముందుగాల ఆ బోరు సంగతి చెప్పుండ్రి."