జీడితోటలో మామగారి మంచం

మా మామగారు పోయిన సోమవారం కన్నుమూశారు. పొద్దున రెండు గుక్కలు చోడంబలి తాగారు. నేను గిన్నె కడిగి వచ్చేసరికి ఊపిరి లేదు. టైడా స్టేషనుకు దిగువన ఉన్న మా ఊరికి పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఇకనైనా నీకు తెరిపి అన్నారు. ఆ మాట ఒప్పుకోలేక, చదివే మీకు ఇది రాస్తున్నాను.

పక్షవాతంతో ఆయన కుడివైపు పడిపోయి మూడేళ్ళు. మా ఆయన విశాఖలో లారీ డ్రైవరు. మామగారిని వదిలి నేను సంతకైనా వెళ్ళలేకపోయేదాన్ని. ఒకసారి బట్టలు సర్దుకుని స్టేషన్ దాకా పోయి, రైలెక్కకుండా తిరిగొచ్చాను. ఎక్కడికెళ్ళావని ఆయన అడగలేదు. అన్నం తినమన్నారు, అంతే.

ఆయన జీడితోటకు ఎన్నడూ మందు కొట్టించలేదు. పూతను మాడ్చే దోమను ఎర్రచీమలు తినేస్తాయి. అవి అడవిలో ఆకులు కలిపి కుట్టుకున్న గూళ్ళను కొమ్మతో సహా కోసుకొచ్చి చెట్లకు కట్టేవారు. అన్నీ ఒకే గుంపువి కావాలి, లేకపోతే కొట్టుకు చస్తాయి. ఆయన మంచాన పడ్డాక ఆ పని నా మీద పడింది. ఒంటికి బూడిద పూసుకున్నా కుట్టేవి. ఏడుస్తూనే కట్టేదాన్ని.

"నన్ను తిట్టుకో. గూడు మాత్రం నలపకు," అనేవారు వంకరపోయిన నోటితో.

కిందటేడు పూత వేళకు మా ఆయన మందు కొట్టే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మామగారు తన మంచాన్ని తోట మధ్యకు చేర్చమన్నారు. మొగుడికి ఎదురు చెప్పలేను, మామగారిని కాదనలేను. చివరికి పక్కింటామె ఓ చెయ్యి వేస్తే మోశాను. కాసేపటికి కొమ్మల మీంచి చీమలు ఆయన మెడ మీద, కనురెప్పల మీద రాలాయి. ఆయన ఎడమచెయ్యి మంచం పట్టెను వదల్లేదు.

"లోపలికి పోదాం అయ్యా, మందు పడతాది," అన్నాడు మా ఆయన.

"నానెక్కడికి లెగుత్తానురా? ఈ సీమలూ ఎక్కడికీ పోనేవు. కొట్టు."

వచ్చిన మనిషి పంపు దించేశాడు. మా ఆయన వంగి తండ్రి మెడ మీది చీమలు ఏరసాగాడు. ఆ ఏడు మందు కొట్టిన పక్క తోటల్లో కాసినంతా మాకూ కాసింది.

మంచం మోసిన రోజు సాయంత్రం ఆయన వాచిన మెడకు నూనె రాస్తుంటే, "నిన్నిక్కడ కట్టీసినాను గుంటా," అన్నారు. మూడేళ్ళలో ఆ సంగతి ఒప్పుకున్నది ఆయనొక్కరే.

నిన్న తోటలోకి వెళ్ళాను. గాలికి కొమ్మ విరిగి రెండు చెట్లకు నడుమ జానెడు ఖాళీ పడింది. చీమలు ఒకదాని నడుం ఒకటి పట్టుకుని, గాల్లో వంతెనలా వేలాడుతున్నాయి. మిగతావి పురుగుల్ని మోసుకుంటూ వాటి మీదుగా దాటుతున్నాయి. పట్టుకున్నవి మాత్రం కదలడం లేదు.